కలప కొనేముందు నీటి లెక్క

వానాకాలంలో వీధి తలుపు బిగుసుకుపోయి, భుజంతో నెడితేగాని తెరుచుకోని ఇళ్ళు మన దగ్గర కొల్లలు. అదే తలుపు ఎండాకాలానికి వదులై, గడియ పెట్టినా గాలికి కొట్టుకుంటుంది. జూలైలో వడ్రంగిని పిలిపించి చిత్రిక పట్టించినవాళ్ళు, ఏప్రిల్‌లో తలుపు సందులోంచి వెలుతురు రావడం చూసి మళ్ళీ అతన్నే తప్పుపడతారు. అతను చేసిన తప్పేమీ లేదు. చెట్టు కొట్టి ఎన్నేళ్ళయినా సరే, చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటూ వదులుతూనే ఉంటుంది. పీల్చినప్పుడు ఉబ్బుతుంది, వదిలినప్పుడు కుంచించుకుంటుంది.

పుస్తకాల అర, చదువుకునే బల్ల, చెప్పుల స్టాండు లాంటివి సొంతంగా చేసుకుందామనే ఉత్సాహం ఇప్పుడు చాలామందిలో కనిపిస్తోంది. డ్రిల్లు, జిగ్‌సా కొనేస్తున్నారు. పనిముట్ల గురించి చెప్పేవాళ్ళకూ కొదవ లేదు. చెక్క కొనే దగ్గరే అందరూ తడబడుతున్నారు. అడితికి వెళ్తే ‘టేకా, మద్దా, మలేషియా సాలా?’ అని అడుగుతారు. ప్లైవుడ్ షాపుకు వెళ్తే ‘కమర్షియలా, వాటర్‌ప్రూఫా?’ అంటారు. ఈ పేర్ల కన్నా, ధర కన్నా ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. ఈ చెక్కలో ఇప్పుడు ఎంత నీరుంది? రేపు ఇది ఉండబోయే చోట ఎంత నీరు తగులుతుంది? మిగతా ప్రశ్నలన్నీ వీటి వెనకే వస్తాయి.

సూక్ష్మదర్శినిలో చూస్తే చెక్కంటే కోట్లకొద్దీ సన్నని గొట్టాల కట్ట. గొట్టాలు దాదాపు అన్నీ చెట్టు నిలువునా సాగి ఉంటాయి. వాటి గోడలు సెల్యులోజ్ అణువుల పోగులతో ఏర్పడ్డవి. ఆ పోగులను లిగ్నిన్ అంటించి ఉంచుతుంది. పచ్చి చెట్టులో నీరు రెండు చోట్ల ఉంటుంది. గొట్టాల బోలులో నిండినది ఒకటి, గోడల్లోకి ఇంకి సెల్యులోజ్‌ను అంటిపెట్టుకున్నది మరొకటి. చెట్టు కొట్టాక మొదట బోలులోని నీరు పోతుంది. అప్పుడు చెక్క బరువు తగ్గుతుందే గాని కొలత మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు కదులుతుంది. పోగులు దగ్గరవుతాయి, చెక్క కుంచించుకోవడం మొదలవుతుంది. ఈ శాతాన్ని పూర్తిగా ఎండిన చెక్క బరువు మీద లెక్కగడతారు. అందుకే అప్పుడే కొట్టిన కొన్ని చెట్లలో తేమ 100 శాతం దాటినా ఆశ్చర్యం లేదు.

చెక్క అన్ని వైపులా ఒకే తీరున కుంచించుకోదు. పచ్చిగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా ఎండేదాకా పొడవులో వచ్చే మార్పు 0.1 నుంచి 0.2 శాతమే. మార్పంతా అడ్డంగానే. అందులోనూ మాను నడిబొడ్డు నుంచి బెరడు వైపు తక్కువ, వలయాల వెంబడి ఎక్కువ. టేకులో మొదటిది సుమారు 2.5 శాతం, రెండోది 5.8 శాతం. పలక వంకర పోవడానికీ, దుంగ కొసల్లో నడిమి నుంచి అంచులకు పగుళ్ళు పారడానికీ ఈ రెండంకెల మధ్య తేడాయే మూలం. టేకుకున్న పేరులో సగం ఆ అంకెలు చిన్నవి కావడం వల్ల వచ్చింది. మిగతా సగం దాని చేవలో సహజంగా ఉండే నూనె పదార్థాలది. వాటివల్ల చెదకు, బూజుకు అది త్వరగా లొంగదు. 1906లో మొదలైన డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ మన దేశపు కలపలను పోల్చేటప్పుడు టేకును 100గా పెట్టుకుని మిగతావాటికి అంకెలు ఇచ్చింది.

అడితిలో పలకల దొంతర ముందు నిలబడితే కళ్ళు వెడల్పాటి ముఖం మీదికే పోతాయి. గోపురాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గీతలున్న పలక అందంగా ఉంటుంది, నిజమే. ముందు చూడవలసింది మాత్రం దాని కొస. అక్కడ దుమ్ము తుడిచి, అవసరమైతే కత్తితో కాస్త గీరి చూడండి, వలయాల ముక్కలు కనిపిస్తాయి. అవి పలక వెడల్పుకు సమాంతరంగా పడుకుని ఉంటే దుంగను పక్క నుంచి వరసగా కోసుకుంటూ వచ్చారని అర్థం. అవి ముఖానికి నిలువుగా లేచి ఉంటే ఆ పలక నడిబొడ్డు మీదుగా కోసినది. మొదటి రకం వెడల్పు ఎక్కువగా మారుతుంది. అంతేకాక ఆరేకొద్దీ వలయాలు తిన్నబడాలని చూస్తాయి కనుక, బెరడు వైపు ముఖం మధ్యలో పల్లం పడుతుంది. రెండో రకం తక్కువ కదులుతుంది, తిన్నగా ఉంటుంది. దుంగలోంచి అలాంటి పలకలు తక్కువ వస్తాయి కనుక ధర ఎక్కువ. కానీ ఏ దొంతరలోనైనా ఒకటీ అరా దొరుకుతాయి, వెతికి తీసుకోవాలి.

అంకెల్లో చెబితే తేడా తేటగా తెలుస్తుంది. 12 అంగుళాల వెడల్పున్న టేకు పలకను 16 శాతం తేమతో కొని, అది 8 శాతానికి దిగే గదిలో పెట్టామనుకుందాం. వలయాలు పడుకున్న పలకైతే వెడల్పులో 4 నుంచి 5 మిల్లీమీటర్లు తగ్గుతుంది. నిలువు వలయాల పలకైతే 2 మిల్లీమీటర్లే. నాలుగడుగుల బల్ల మీద అలాంటి పలకలు మూడు జోడించి, కింది చట్రానికి స్క్రూలతో కదలకుండా బిగిస్తే ఎక్కడో ఒకచోట పగలాల్సిందే. పైచెక్కకు కదిలే వీలు ఉండేలా స్క్రూ రంధ్రాలను పొడవుగా తొలిపించమని అనుభవమున్న వడ్రంగులు చెప్పేది ఇందుకే.

ఆరిన చెక్క అంటే నీరు పూర్తిగా పోయిన చెక్క కాదు, చుట్టూ ఉన్న గాలితో సమస్థితికి వచ్చిన చెక్క. గాలిలో తేమ 30 శాతం ఉంటే చెక్కలో 6 శాతం దగ్గర నిలుస్తుంది; 65 ఉంటే 12, 80 ఉంటే 16, 90 ఉంటే 20. కాకినాడలో సముద్రపు గాలి తగిలే ఇంట్లో ఉండే చెక్కా, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలి ఎండిపోయే హైదరాబాదు ఇంట్లో చెక్కా ఒకే మాను నుంచి వచ్చినా ఒకే కొలతలో ఉండవు. భారత ప్రమాణాల సంస్థ కూడా ఈ కారణంగానే ఐఎస్ 287లో దేశాన్ని నాలుగు వాతావరణ మండలాలుగా విడదీసి, ఏ మండలంలో ఏ పనికి వాడే కలపలో తేమ ఎంతవరకు ఉండవచ్చో నిర్ణయించింది. గదిలో రోజంతా ఏసీ నడుస్తుంటే లెక్క మళ్ళీ మారుతుంది, ఏసీ గాలిలోని నీటిని లాగేస్తుంది కదా.

ఇక్కడి నుంచి అమెరికాకు టేకు పూజా మందిరాలు తెప్పించుకునే తెలుగువారు ఇది తప్పక గమనించాలి. చలికాలంలో అక్కడి ఇళ్ళలో హీటర్లు నడిచినన్నాళ్ళూ లోపలి గాలి బాగా ఎండిపోతుంది, చెక్క 6 శాతానికి దిగుతుంది. కోస్తాలో 14, 15 శాతం తేమ దగ్గర బిగించిన మందిరం మొదటి శీతాకాలంలోనే కీళ్ళ దగ్గర విడిపోతే అది టేకు కాదని అనుమానించనక్కర్లేదు. అసలు టేకే అయినా అంతే చేస్తుంది. చేయించేటప్పుడే పలకలను 8 శాతం దాకా ఆరబెట్టించడం ఒక్కటే దారి.

తేమను కొలవడానికి రెండు పిన్నులున్న చిన్న మీటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పిన్నులను చెక్కలో గుచ్చితే వాటి మధ్య విద్యుత్తు ఎంత సులువుగా పారుతోందో చూసి తేమ శాతం చూపిస్తాయి. కొస దగ్గర గుచ్చితే ఆరిన చోటే దొరుకుతుంది కనుక మధ్యలో, వీలైతే అప్పుడే కోసిన ముఖం మీద గుచ్చాలి. మీటరు లేకపోయినా పరవాలేదు. పలక కొస నుంచి ఒక జానెడు వదిలి, అడ్డంగా అంగుళం ముక్క కోయించండి. వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు మీద తూచి, 100 డిగ్రీలు దాటీ దాటని ఓవెన్‌లో పెట్టి, బరువు ఇక తగ్గకుండా ఆగేదాకా మధ్యమధ్య తూస్తూ ఉండండి. మొదట 115 గ్రాములు ఉన్నది 100 గ్రాముల దగ్గర ఆగితే తేమ 15 శాతం. ప్రయోగశాలలు చేసేదీ ఇదే, వాటి త్రాసు ఇంకాస్త సున్నితంగా ఉంటుంది, అంతే. పచ్చి కలప ‘ఆర్నెల్లలో ఆరిపోతుందిలెండి’ అనే మాట వింటే మాత్రం జాగ్రత్తపడాలి. నీడలో, గాలాడేలా పేర్చిన పలక అంగుళం మందానికి ఏడాది చొప్పున ఆరుతుందన్నది పాతకాలం నుంచి ఉన్న అంచనా. మన ఎండలకు పలుచటి పలకలు అంతకన్నా త్వరగానే ఆరతాయి గాని, మూడంగుళాల ద్వారబంధం చెక్క ఆర్నెల్లలో లోపలిదాకా ఆరదు.

నీటి సంగతి తేలాక చేవ చూడాలి. మాను మధ్యలో ముదురు రంగులో ఉన్నది చేవ, బెరడు పక్కన లేతగా ఉన్నది తెల్లచెక్క. చెట్టు బతికుండగా నీరు మోసేది తెల్లచెక్కే, పిండిపదార్థం దాచుకునేదీ అదే. పిండి ఉంది కనుకే పుచ్చుపురుగు అక్కడ గుడ్లు పెడుతుంది. కొన్న ఏడాదికో రెండేళ్ళకో గుండుసూది మొనంత రంధ్రాలు పడి, కింద మెత్తటి పొడి రాలుతుంది. టేకైనా సరే, తెల్లచెక్కకు ఏ రక్షణా లేదు. తోటల్లో పదిహేను, ఇరవై ఏళ్ళకే కొట్టిన టేకు గురించి జనం చేసే ఫిర్యాదు చాలావరకు ఇక్కడే ఉంది. త్వరగా పెరిగినంత మాత్రాన టేకు బలహీనమైపోదు. లేత మానులో చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ, అదే దాని లోపం. ఆ తెలుపు కనబడకుండా రంగు పూసి అమ్మడమూ ఉంది. కత్తి మొనతో ఒక మూల గీరితే పూతంతా బయటపడుతుంది.

అది టేకేనా అన్న సందేహం తీర్చుకోవడానికి నగలషాపుల్లో వాడే పది రెట్ల భూతద్దం చాలు. కొసను పదునైన బ్లేడుతో నున్నగా కోసి చూస్తే, ప్రతి వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరుస తీరి, ఆ తర్వాత చిన్నవి చెల్లాచెదరుగా కనిపిస్తాయి. మన దేశపు కలపల్లో ఇలా వలయాల వెంట రంధ్రాలు వరుస కట్టేవి చాలా తక్కువ. జిట్రేగి గాని, మద్ది గాని ఇలా ఉండవు. దీనికి తోడు అప్పుడే గీరిన టేకు తోలు వాసన వేస్తుంది, వేలికి కొంచెం జిడ్డుగా తగులుతుంది. అడితుల్లో టేకు అన్న పేరు చాలా చెక్కలకు ఉంది. ఘనా టేకు నిజంగా టేకే, ఆఫ్రికాలో తోటల్లో పెంచినది. ఆఫ్రికన్ టేకు అన్న పేరుతో వచ్చేవి చాలావరకు వేరే జాతులు. వాటిలో మంచివీ ఉన్నాయి. కానీ టేకు ధర పెట్టి కొనాల్సిన పని లేదు.

టేకు తప్ప ఇంకేదీ చెక్క కాదన్న పట్టుదల మనలో బలంగా ఉంది. ఇంటి పనికి దిగినవారు దాన్ని వదులుకుంటే మంచిది. నల్లమద్ది బరువైనది, గట్టిది, ద్వారబంధాలకు సరిపోతుంది. ఆరేటప్పుడు పగుళ్ళు తేలుతుంది కనుక ఆరిందాకా ఓపిక పట్టాలి. గుమ్ముడు టేకు పేరుకే టేకు, జాతి వేరు. తేలిగ్గా ఉంటుంది, కోతకు సుఖం, ఆరాక పెద్దగా కదలదు, మొదటిసారి బల్ల చేసేవారికి ఇంతకన్నా మంచిది లేదు. మామిడి చవక, కానీ పురుగుకూ తేమకూ తొందరగా లొంగుతుంది. పాలు ఆగిపోయాక కొట్టే రబ్బరు చెట్టు కలపలో పిండి మరీ ఎక్కువ. దాన్ని బోరాక్స్, బోరిక్ ఆసిడ్ ద్రావణంలో ఒత్తిడితో నానబెట్టి, చిన్న ముక్కలను పళ్ళ జోడింపుతో అతికి పెద్ద పలకలుగా అమ్ముతున్నారు. ఇంట్లోపలి సామానుకు అవి చక్కగా ఉంటాయి. పనిని బట్టి చెక్కను ఎంచడం మన కళాకారులకు ఎప్పటి నుంచో తెలుసు. కొండపల్లిలో బొమ్మ చెక్కడానికి తేలికైన పొణికినీ, ఏటికొప్పాకలో తరిమెన పట్టి లక్క పూయడానికి అంకుడునూ వాడుతున్నారు. టేకు తెచ్చిపెట్టినా ఆ పనులకు అది పనికిరాదు.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన బేరం పాత కలప. పెంకుటిళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, వాసాలు, తలుపు రెక్కలు కొనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఆ చెక్క యాభై, అరవై ఏళ్ళుగా ఇక్కడి వానలు, ఎండలు చూసి కుదురుకున్నది. ముదురు మాను నుంచి కోసినది కనుక చేవ నిండుగా ఉంటుంది. కొనేటప్పుడు గోడలో దిగబడి ఉన్న కొసలు, నేలను తాకిన భాగాలు స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి, చెద తిన్నది అక్కడే ఉంటుంది. కోతకు ముందు గట్టి అయస్కాంతాన్ని చెక్క వెంట నడిపితే విరిగి లోపలే ఉండిపోయిన మేకులు తెలుస్తాయి. ఒక్క మేకు చాలు రంపం పళ్ళు ఊడడానికి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి ఆ పూతను పొడిగా ఇసుక కాగితంతో రుద్దకూడదు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. ఓడరేవుల నుంచి వచ్చే పైన్ ప్యాలెట్లు విప్పి వాడుకునేవారు వాటి మీద కాల్చిన ముద్ర చూడాలి. హెచ్‌టీ అని ఉంటే వేడితో పురుగు చంపినది, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది. రెండోది ఇంటికి తేవద్దు.

సొంత పొలం గట్టు మీది టేకు చెట్టు కొట్టించుకుందామనుకునేవారు ముందుగా అటవీశాఖ అనుమతి, రవాణా పర్మిట్ తీసుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో 1970లో వచ్చిన అటవీ ఉత్పత్తుల రవాణా నియమాల నాటి నుంచీ ఉన్న పద్ధతి ఇది. అడితిలో కొన్నా సరే, బిల్లు అడిగి తీసుకోవడం మంచిది.

కొలతలో మోసపోకుండా ఉండడం సులువే. కోసిన చెక్కను ఘనపుటడుగుల్లో అమ్ముతారు. వెడల్పు, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో వేసి మూడింటినీ హెచ్చించి 144తో భాగిస్తే వచ్చేదే లెక్క. ఏడడుగుల పొడవు, 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం ఉన్న చెక్క 0.73 ఘనపుటడుగు. దుంగకైతే చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే హెచ్చించి, పొడవుతో గుణిస్తారు. బ్రిటిష్ కాలం నుంచి వస్తున్న ఈ పద్ధతిలో దుంగ అసలు ఘనపరిమాణంలో 78.5 శాతమే లెక్కకొస్తుంది. మిగతాది బెరడు, కోత తరుగు కింద కొనేవాడికి వదిలేస్తారు. అయినా మిల్లులో అంతకన్నా ఎక్కువే పోతుంది. అంగుళం పలక చిత్రిక పట్టాక 20, 22 మిల్లీమీటర్లకు దిగుతుంది. మీ లెక్కకు వచ్చిన దానికన్నా ఐదో వంతు ఎక్కువ కొంటే మధ్యలో మళ్ళీ పరుగెత్తే పని ఉండదు.

ఇక బోర్డులు. చెక్క అడ్డంగా కదులుతుంది, నిలువుగా కదలదు అన్న ఒక్క సంగతి మీద ప్లైవుడ్ నిలబడి ఉంది. దుంగను ఉడకబెట్టి, పొడవాటి కత్తికి ఆనించి తిప్పుతూ పలుచటి పొరగా ఒలుస్తారు. ఒక పొర పీచు నిలువుగా ఉంటే, దాని మీది పొర అడ్డంగా పెట్టి అంటిస్తారు. ఒకటి కదలబోతే పక్కది కదలనివ్వదు. పైముఖం పీచు, కింది ముఖం పీచు ఒకే దిక్కున ఉంటేనే బోర్డు వంగకుండా ఉంటుంది కాబట్టి పొరలు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి. ఒకప్పుడు ఈ పొరలు అడవి మానుల నుంచి వచ్చేవి. గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం అడవుల నరికివేతకు అడ్డుకట్ట వేసింది. ఆ తర్వాత ఈ పరిశ్రమ రైతుల పొలాల వైపు తిరిగింది. ఇప్పుడు హర్యానాలోని యమునానగర్‌లో పోప్లర్, యూకలిప్టస్, కేరళలోని పెరుంబావూరులో రబ్బరు చెక్క ప్రధానంగా వాడుతున్నారు.

ప్లైవుడ్‌లో చెక్క ఎంత ముఖ్యమో జిగురు అంతకన్నా ముఖ్యం. ‘కమర్షియల్’ అని షాపుల్లో అనేది ఎంఆర్ (మాయిశ్చర్ రెసిస్టెంట్) రకం. దీన్ని యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో అంటిస్తారు. అందులోని కార్బన్, నైట్రోజన్ బంధాలను వేడి, నీరు కలిసి తెంపగలవు. ‘వాటర్‌ప్రూఫ్’ అనే బీడబ్ల్యూఆర్, బీడబ్ల్యూపీ రకాలకు ఫినాల్ ఫార్మాల్డిహైడ్ వాడతారు. దాని కార్బన్ వంతెనలు మరిగే నీటిలోనూ తెగవు. ప్రమాణాలు చెప్పేదీ అదే: ఎంఆర్ ముక్క 60 డిగ్రీల నీటిలో 3 గంటలు, బీడబ్ల్యూఆర్ మరిగే నీటిలో 8 గంటలు, ఐఎస్ 710 కింద వచ్చే బీడబ్ల్యూపీ, అంటే మెరైన్ ప్లైవుడ్, 72 గంటలు తట్టుకోవాలి. మొదటి రెండూ ఐఎస్ 303 కిందికి వస్తాయి. హాల్లో, పడకగదిలో ఉండే అల్మరాకు ఎంఆర్ చాలు. వంటింటికి బీడబ్ల్యూఆర్ కావాలి. సింకు కింద, బాత్‌రూము గోడకు ఆనుకుని అయితే 710. పైకప్పు చెమ్మ తేలే పాత ఇళ్ళలో పడకగదినీ వంటింటి లెక్కలోనే వేసుకోవాలి.

బోర్డు మీద 710 అని ఎర్రటి అంకెలు అచ్చేసినంత మాత్రాన అది 710 అయిపోదు. ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అంటూ లైసెన్సు సంఖ్య ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ లైసెన్సు ఎవరిదో, దేనికిచ్చారో అక్కడికక్కడే తెలుస్తుంది. తర్వాత బోర్డు అంచు చూడండి. పొరల మధ్య జిగురు గీత ముదురు గోధుమ రంగులో ఉంటే ఫినాల్ జిగురు కావచ్చు. తెల్లగా ఉంటే యూరియా రకం. అయితే రంగు కలిపి మోసం చేయడానికి వీలుంది కనుక దీన్ని చివరి మాటగా తీసుకోకూడదు. నాలుగు అంచులూ తిరిగి చూస్తే పొరల్లో ఖాళీలు, ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట్లు కనిపిస్తాయి. వేలి కణుపుతో బోర్డంతా తడుతూ పోతే బోలు ఉన్నచోట శబ్దం మారుతుంది. 18 మిల్లీమీటర్లని అమ్మేది 16 ఉండటం కూడా ఉంది, కాలిపర్ వెంట తీసుకెళ్ళండి. ఎక్కువ బోర్డులు కొనేవారు షాపులో రెండంగుళాల నమూనా ముక్క అడిగి, పనికిరాని గిన్నెలో, ఆరుబయట, 8 గంటలు మరిగించి చూడవచ్చు. పొరలు విడితే ఆ సరుకు బీడబ్ల్యూఆర్ కాదు. వంటింట్లో మాత్రం ఈ పని చేయకండి, ఆవిరిలో ఫార్మాల్డిహైడ్ వస్తుంది.

ఎండీఎఫ్‌ను, పార్టికల్ బోర్డును ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఎండీఎఫ్ చెక్కను ఆవిరిలో మెత్తబరిచి పీచుపీచు చేసి, జిగురుతో అదిమిన బోర్డు. అంచు నున్నగా తెగుతుంది, రంగు బాగా పడుతుంది, నగిషీకి అనువు. పార్టికల్ బోర్డు చెక్క తునకలను అదిమినది. అదిమిన తునకలకు నీరు తగిలితే తమ పాత మందానికి పోవాలని చూస్తాయి, ఉబ్బినది మళ్ళీ తగ్గదు. అంచులో స్క్రూ పట్టు రెంటికీ తక్కువే; ముందుగా సన్నని రంధ్రం తొలచకపోతే ఎండీఎఫ్ అంచు చీలుతుంది. హెచ్‌డీహెచ్ఎంఆర్ అనేది ఇంకా చిక్కగా అదిమి, తేమను ఓర్చుకునే జిగురు కలిపిన రకం. అది తేమకు ఓర్చుకుంటుంది గాని నీళ్ళలో నానడానికి కాదు. చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీ నీటికి చెడదు, కానీ బరువు పెడితే వంగుతుంది, అరలకు వద్దు.

పుస్తకాల అర కుంగిపోవడానికి వెనక ఉన్న లెక్క తెలుసుకుంటే డబ్బు ఆదా అవుతుంది. అర నిండా పుస్తకాలు ఉన్నప్పుడు అది కుంగేది పొడవు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది, మందం ఘనాన్ని బట్టి తగ్గుతుంది. ఆధారాల మధ్య దూరాన్ని 60 సెంటీమీటర్ల నుంచి 90కి పెంచితే కుంగు ఐదు రెట్లు అవుతుంది. 18 మిల్లీమీటర్ల బదులు 25 వాడితే దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. ఎండీఎఫ్ బిగువు టేకులో నాలుగో వంతు మాత్రమే, ప్లైవుడ్‌ది ఆ రెంటికీ నడుమ. పైగా బరువు ఏళ్ళ తరబడి ఉంటే బోర్డు మెల్లమెల్లగా ఇంకా సాగుతుంది. మీటరు పొడవు పుస్తకాలు 20, 30 కిలోలు సులభంగా తూగుతాయి. కాబట్టి ఎండీఎఫ్ అరైతే రెండడుగులకో నిలువు ఆధారం ఉండాలి. ప్లైవుడ్‌ను పైముఖం పీచు అర పొడవునా వచ్చేట్టు కోయించాలి. ముందు అంచుకు ఒకటిన్నర అంగుళం చేవ చెక్కపట్టీని నిలబెట్టి అతికితే పలుచటి బోర్డు కూడా నిలబడుతుంది. పొడవాటి అరలకూ తలుపులకూ లోపల చెక్క పట్టీలుండే బ్లాక్ బోర్డు మంచిది.

ఆరోగ్యం సంగతి షాపులో ఎవరూ ఎత్తరు. యూరియా జిగురు బోర్డుల నుంచి ఫార్మాల్డిహైడ్ నెలల తరబడి గాలిలోకి వస్తుంది. వేడి, ఉక్కపోత ఉన్న గదిలో ఇంకా ఎక్కువ. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. బోర్డు మీద ఈ1 అని గాని, అంతకన్నా తక్కువ వదిలే ఈ0 అని గాని ఉందేమో అడగండి. అన్ని ముఖాలకూ, ముఖ్యంగా కనబడని వెనక అంచులకూ మైకాయో పూతో ఉండాలి. వాసన పోయేదాకా కిటికీలు తెరిచి ఉంచాలి. పసిపిల్లల ఉయ్యాల మంచానికైతే బోర్డు జోలికి పోకుండా గట్టి చెక్కే వాడమంటాను. ఎండీఎఫ్ కోసేటప్పుడు లేచే పొడి మరీ సన్నం, మాస్కు లేకుండా కోయకూడదు.

కోత షాపులోనే చేయించడం తెలివైన పని. బోర్డు 2440, 1220 మిల్లీమీటర్ల కొలతలో వస్తుంది. రంపం ఒక్కో కోతకు 3 మిల్లీమీటర్లు తింటుంది. నాలుగడుగుల వెడల్పులోంచి నాలుగు పట్టీలు తీయాలంటే మూడు కోతలు, 9 మిల్లీమీటర్లు పోతాయి; ఒక్కో పట్టీ 302 వస్తుంది గాని అడుగు నిండా రాదు. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ బోర్డు 40 కిలోలు తూగుతుంది, లిఫ్టులో పట్టదు, కనుక కోయించి తేవడమే నయం. తెచ్చిన ముక్కలను గోడకు ఏటవాలుగా ఆనిస్తే వంగుతాయి, నేల మీద చదునుగా పడుకోబెట్టాలి. గట్టి చెక్క పలకలైతే సామాను ఉండబోయే గదిలోనే, రెండడుగులకొకటి చొప్పున ఒకే మందమున్న పుల్లలు అడ్డంగా పెట్టి, గాలాడేలా దొంతర పేర్చండి. పై పలక మీద బరువు ఉంచండి. అందులో ఒక పలకకు గుర్తు పెట్టుకుని వారానికోసారి తూచండి. వరుసగా రెండు వారాలు బరువు మారకపోతే కొలతలు గీసుకుని కోత మొదలుపెట్టవచ్చు.